సింగ్ నగర్ ఫ్లాట్ అమ్ముడుపోవట్లేదు, తగ్గించి ఇచ్చేయాలా, ఆగాలా?

అమ్మా, మీరు రాసిందంతా చదివాను. విజయవాడ సింగ్ నగర్‌లో 2012లో 26 లక్షలకి కొన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, రెండో అంతస్తు, 1,150 అడుగులు. అది అమ్మేసి తీర్చేద్దాంలే అన్న ధైర్యంతో పోరంకిలో కొత్త ఫ్లాట్‌కి 45 లక్షలు లోన్ పెట్టి గృహప్రవేశం కూడా చేసేశారు. పది నెలలైంది, పాతది తాళం వేసే ఉంది. మీరు చెప్పే రేటు 55, ఇప్పటిదాకా వచ్చిన గట్టి బేరం ఒక్కటే, 46. మీవారు 50కి పైసా తగ్గొద్దంటున్నారు, మీకేమో ఎంతకైనా వదిలించుకుంటే చాలనిపిస్తోంది, ఇంట్లో రోజూ ఇదే గొడవ, అర్ధరాత్రి మెలకువ వస్తే ఇక తెల్లవార్లూ నిద్ర పట్టట్లేదని రాశారు.

నేను రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటర్‌ని, పాతికేళ్ల పైనే అయింది ఈ పనిలో. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు ఇద్దరూ నా బల్ల ముందే కూర్చుంటారు కాబట్టి రెండు వైపులా మాటలు నా చెవిన పడతాయి. నాకు తెలిసినంతలో ఇల్లు అమ్మే విషయంలో ఎక్కువ నలిగిపోయేది తక్కువకి అమ్ముకున్నవాళ్ళు కాదు. వాళ్ళు ఒక నెల బాధపడి మర్చిపోతారు. నలిగిపోయేది ఎంతకి అమ్మాలో, ఎప్పటిదాకా ఆగాలో తేల్చుకోకుండా రోజూ పొద్దున్నే మళ్ళీ మొదటి నుంచి ఆలోచించేవాళ్ళు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. ఇంకా తేల్చకుండా పెట్టిన లెక్క అది, తేలేదాకా రోజూ గుచ్చుతూనే ఉంటుంది. అందుకని ముందు ఆ లెక్క తేలుద్దాం.

పోరంకి లోన్ 45 లక్షలు, వడ్డీ ఎనిమిదిన్నర శాతం అనుకుందాం, 20 ఏళ్లకైతే ఈఎంఐ 39 వేల చిల్లర వస్తుంది. అందులో ఇప్పుడు మీరు కట్టేది చాలా వరకు వడ్డీనే, నెలకి దాదాపు 32 వేలు. పాత ఫ్లాట్ ఖాళీగా ఉన్నా మెయింటెనెన్స్, ఇంటి పన్ను, నీటి పన్ను, కరెంటు మినిమమ్ బిల్లు అన్నీ కలిపి నెలకి ఇంకో రెండు వేలు వేసుకోండి. అంటే ఆ తాళం వేసిన తలుపు మీకు నెలకి 34 వేలు ఖర్చు పెట్టిస్తోంది, ఏడాదికి నాలుగు లక్షల పైనే. ఇప్పుడు 46కి అమ్మి లోన్ తీర్చేస్తే ఆ ఖర్చు ఆ రోజుతో ఆగిపోతుంది. కాబట్టి ఈ రోజు 46 అంటే వచ్చే ఏడాది 50తో సమానం, ఆ తర్వాతి ఏడాది 54తో సమానం. మీవారు 50 వచ్చేదాకా ఆగుదాం అంటున్నారు కదా, ఏడాది ఆగితే నిజంగానే 50 వచ్చిందనుకోండి, చేతికి మిగిలేది ఈ రోజు 46కి ఇచ్చినంతే. ఈ మధ్యలో పడే టెన్షన్ అంతా ఉచితంగా పడినట్టు. ఈ లెక్క నోటితో చెప్తే వాదన అవుతుంది, అందుకని ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద వేయండి. మీ అసలు వడ్డీ రేటు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, అది చూసి అంకెలు మార్చుకోండి. వడ్డీ మీద ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు తీసుకుంటూ ఉంటే ఖర్చు కాస్త తగ్గుతుంది, అదీ కలపండి.

ఇదే లెక్కలో ఇంకోటి కూడా కనపడుతుంది. ఆ ఫ్లాట్ అద్దెకిస్తే 11 వేలు వస్తాయనుకుంటే నెల ఖర్చు 34 నుంచి 23కి దిగుతుంది, అంటే ఆగడానికి మీకు కాస్త ఊపిరి దొరుకుతుంది. పది నెలలు ఖాళీగా ఎందుకు పెట్టారో నాకు తెలుసు, అద్దెకున్నవాళ్ళు ఉంటే చూపించడం కష్టం, ఖాళీ చెయ్యమంటే చెయ్యరేమోనని భయం. ఆ భయం తప్పు కాదు. కానీ పదకొండు నెలల అగ్రిమెంట్ రాయించుకుని, అమ్మకానికి ఉన్న ఇల్లు, బేరం కుదిరితే రెండు నెలల నోటీసుతో ఖాళీ చేస్తాం, ముందు చెప్తే చూడటానికి వచ్చేవాళ్ళకి తలుపు తీస్తాం అని అందులోనే ఒక షరతు పెట్టించి, ఉద్యోగం చేసుకునే చిన్న కుటుంబానికి ఇస్తే ఇబ్బంది తక్కువే. పైగా దీపం పెట్టే ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళ కంటికి కూడా బాగుంటుంది. మూసి ఉన్న ఫ్లాట్‌లో తలుపు తియ్యగానే ఒక వాసన వస్తుంది, బాత్రూమ్ ట్రాప్‌లో, అంటే జాలీ కింద నీళ్లు నిలిచే వంపులో, నీళ్లు ఆరిపోయి డ్రైనేజీ గాలి పైకి తన్నడం వల్ల వచ్చేది, అది ఒక్కటి చాలు వచ్చినవాళ్ళ మొహం మారిపోవడానికి. ఖాళీగానే ఉంచాలనుకుంటే వారానికోసారి వెళ్లి అన్ని కుళాయిలు తిప్పి, ట్రాపుల్లో నీళ్లు పోసి, కిటికీలు తీసి రండి.

ఇక మార్కెట్ సంగతి. రాజధాని పనులు మళ్ళీ మొదలయ్యాయి కదా, రేట్లు పెరగాలి కదా, మా ఫ్లాట్ ఎందుకు కదలట్లేదు అని మీవారు అడుగుతున్నారని రాశారు. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. 2015 అక్టోబర్‌లో అమరావతి శంకుస్థాపన అప్పుడు బెజవాడలో రేట్లు ఎట్లా ఎగిరాయో అందరికీ గుర్తుంది, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చాక ఎట్లా కూర్చున్నాయో కూడా గుర్తుంది. 2024లో ప్రభుత్వం మారింది, 2025 మే 2న పనులు మళ్ళీ మొదలుపెట్టారు, జనంలో ఆశ పుట్టింది. కానీ ఆ ఆశతో వచ్చే డబ్బు ముందు వెళ్ళేది స్థలాల మీదకి. కృష్ణ అవతల ప్లాట్లు, కాజ నుంచి చిన్నఅవుటపల్లి దాకా వేసిన బైపాస్ చుట్టుపక్కల ప్లాట్లు, అటే చూస్తున్నారు అందరూ. స్థలం పెరుగుతుంది అనుకుని కొనేవాడు వేరు, ఉండటానికి ఇల్లు కొనేవాడు వేరు. మీ ఫ్లాట్ కొనేది రెండోవాడు. వాడికి అటు పోరంకి, తాడిగడప, కానూరు వైపు కొత్త అపార్ట్‌మెంట్లు కారు పార్కింగుతో, పవర్ బ్యాకప్‌తో కనపడుతున్నాయి. మీరే ఆ కొత్తదానికి వెళ్ళారు కదమ్మా. మిమ్మల్ని అక్కడికి లాగినవే మీ కొనుగోలుదారుని కూడా లాగుతున్నాయి, పాతది కొనాలంటే వాడికి రేటులో తేడా కనపడాలి. పదమూడేళ్ల బిల్డింగ్ అంటే పెద్ద పాతదేం కాదు గానీ కొత్తదాని రేటు మాత్రం రాదు, అపార్ట్‌మెంట్‌లో ఏళ్లు గడిచేకొద్దీ విలువ నిలబెట్టేది మీ వాటాకి వచ్చే స్థలమే. మీ డాక్యుమెంట్‌లో అవిభాజ్య వాటా ఎన్ని గజాలు ఉందో చూసి అది ముందే చెప్పండి, నలభై గజాల పైన ఉంటే గట్టిగానే చెప్పండి, తెలిసినవాళ్ళు అదే అడుగుతారు.

కొనేవాడి జేబు సంగతి కూడా ఒకసారి చూడండి, బేరం ఎందుకు అక్కడే ఆగిపోతోందో అర్థమవుతుంది. మీ రేంజ్‌లో కొనేవాళ్ళలో ఎక్కువమంది బ్యాంకు లోన్ మీదే కొంటారు. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా లోన్ అయితే ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు రూల్. ఆ విలువ కూడా మీరిద్దరూ అనుకున్న రేటు కాదు, బ్యాంకు పంపిన వాల్యుయర్ రాసింది, అగ్రిమెంట్‌లో రాసుకున్నది, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దాని మీద. మీ ఫ్లాట్‌కి వాల్యుయర్ 42 రాశాడనుకోండి, లోన్ 33 లక్షల 60 వేలు. 46కి కొంటే వాడు జేబులోంచి 12 లక్షల 40 వేలు పెట్టాలి, దాని మీద స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం అంటే ఇంకో మూడున్నర లక్షల దాకా, మొత్తం దాదాపు 16 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చుకి బ్యాంకు లోన్ ఇవ్వదు. అదే 50కి కొంటే జేబులోంచి 20 లక్షల పైన పెట్టాలి. మీరు నాలుగు లక్షలు పెంచితే బ్యాంకు ఒక్క రూపాయి పెంచదు, ఆ నాలుగూ వాడి భార్య గాజుల్లోంచో చిట్టీ పాటలోంచో రావాలి. అందుకే 46 అన్నాయన అక్కడే నిలబడ్డాడు. మిమ్మల్ని చులకన చేసి కాదు, ఆ మాట మనసులోంచి తీసేయండి. మీరు ఇరవై ఏళ్ల కష్టాన్ని 46 అంటాడా అని రాశారు చూడండి, అక్కడ నాకు బాధేసింది. ఆయన వెల కట్టింది గోడలకే, మీ కష్టానికి కాదమ్మా.

సింగ్ నగర్ అనగానే వచ్చే అసలు ప్రశ్న మీరు ఒక్క లైన్‌లో రాసి వదిలేశారు, బుడమేరు వాగు వరద. 2024 సెప్టెంబర్ 1న ఆ నీళ్లు ఎట్లా వచ్చాయో మీకు నేను చెప్పక్కర్లేదు. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ అదే అడుగుతున్నారు, మధ్యవర్తి ఏమో మన బిల్డింగ్‌కి పెద్దగా రాలేదని చెప్పమంటున్నాడని రాశారు. అలా చెప్పొద్దు. ఇది నీతి కోసం మాత్రమే చెప్పట్లేదు, అలా చెప్తే పని కాదు కూడా. సెల్లార్ గోడ మీద నీటి చార ఇంకా ఉంటుంది, సున్నం వేసినా కింద సిమెంటు ఉబ్బుతుంది, వచ్చినాయన మీతో మాట్లాడి కిందకి దిగి వాచ్‌మన్‌ని, ఎదురుగా కిరాణా కొట్టాయన్ని అడుగుతాడు, రెండు నిమిషాల్లో నిజం తెలిసిపోతుంది. ఒక్క అబద్ధం దొరికితే మీరు చెప్పిన మిగతావన్నీ కూడా నమ్మడు. దానికి బదులు మీరే ముందు చెప్పండి, సెల్లార్‌లోకి నీళ్లు వచ్చాయి, ఫస్ట్ ఫ్లోర్ మెట్ల దాకా ఎంత వచ్చాయో అంత చెప్పండి, రెండో అంతస్తులో మా ఫ్లాట్‌లోకి చుక్క రాలేదు అని. తర్వాత అసోసియేషన్ వాళ్ళు ఏమేం చేయించారో చూపించండి. లిఫ్ట్ మోటారు మార్చారా, మీటర్లు, మెయిన్ ప్యానెల్ బోర్డు సెల్లార్ నుంచి పైకి ఎక్కించారా, సంపు కడిగించి బోరు నీళ్లు టెస్ట్ చేయించారా, ఆ బిల్లులు ఉంటే ఒక ఫైల్‌లో పెట్టండి. ప్యానెల్ బోర్డు ఇంకా కిందే ఉంటే అసోసియేషన్‌లో మాట్లాడి పైకి మార్పించండి, అందరికీ పనికొచ్చేదే, మీ ఫ్లాట్‌కి రంగులు వేయించే డబ్బు కన్నా ఈ ఖర్చే బేరంలో ఎక్కువ పనిచేస్తుంది. ఆ ఏరియాలో వరద రేటుని కొంచెం తగ్గించింది, అది ఉన్న మాట. దాన్ని దాచకుండా మీ రేటులోనే కలిపేసుకుంటే ఇక ఎవరు అడిగినా మీకు గుండె దడ ఉండదు.

ఇంటి లోపల మాత్రం అన్నీ బాగుచేయించాలని పెట్టుకోకండి. మోడ్యులర్ కిచెన్ వేయిస్తే రేటు వస్తుందని ఎవరో చెప్పారని రాశారు, వద్దు, పెట్టిన డబ్బు వెనక్కి రాదు. వచ్చినవాళ్ళతో సాధారణంగా ఒక పెద్దాయన ఉంటాడు, అమ్మాయి నాన్నో మావగారో. ఆయన హాలు చూడడు, నేరుగా బెడ్‌రూమ్‌లోకి వెళ్లి బాత్రూమ్ వెనక గోడకి అరచెయ్యి ఆనించి చూస్తాడు, చెమ్మ ఉందా అని. తర్వాత వంటింట్లో కుళాయి తిప్పుతాడు, బాల్కనీలో నిలబడి ఈశాన్యం ఎటో చూసుకుంటాడు. ఆ గోడ చెమ్మ ఉంటే అది తప్పకుండా చేయించండి, టైల్స్ జాయింట్లు గ్రౌటింగ్ చేయించి, లోపల పెచ్చులూడిన చోట గీకించి మళ్ళీ ప్లాస్టరింగ్. కారే కుళాయిలు మార్పించండి. గోడలకి ఒక తెల్ల రంగు. అంతకన్నా పెట్టొద్దు.

కాగితాల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, నేను ఎక్కువ బేరాలు పోవడం చూసింది ఇక్కడే. స్లో మార్కెట్‌లో కొనేవాడికి పది ఇళ్లు ఉంటాయి చూడటానికి, వాటిలో బ్యాంకు లీగల్ వాళ్ళు ఏది ఇబ్బంది లేకుండా పాస్ చేస్తే అది కొంటాడు. మీ పాత ఫ్లాట్ మీద అప్పట్లో లోన్ ఉండి 2021లో తీరిపోయిందన్నారు. తీరిపోయింది సరే, ఈసీ, అంటే ఆస్తి మీద ఏయే రిజిస్ట్రేషన్లు, తాకట్లు ఉన్నాయో చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీసి చూశారా? బ్యాంకుకి పత్రాలు తాకట్టు పెట్టినట్టు రిజిస్టర్ చేసిన ఎంట్రీ అందులో ఉండిపోతుంది చాలామందికి, బ్యాంకు వాళ్ళు వచ్చి విడుదల పత్రం రిజిస్టర్ చేసిస్తేనే దానికి విడుదల ఎంట్రీ పడుతుంది. అది లేకపోతే కొనేవాడి బ్యాంకు అక్కడే ఆపేస్తుంది, మీరు పాత బ్రాంచికి వెళ్తే అప్పటి మేనేజర్ ఉండడు, ఫైల్ ఎక్కడో సెంట్రల్ ఆఫీసులో ఉందంటారు, నెలలు గడుస్తాయి, కొనేవాడు విసిగిపోయి వెళ్ళిపోతాడు. కాబట్టి బేరం రాకముందే ఈసీ తీయించండి. ఇప్పుడు కొత్తగా లోన్ తీర్చేవాళ్ళకైతే 2023 డిసెంబర్ 1 నుంచి రూల్ గట్టిగా ఉంది, మొత్తం కట్టేసిన 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు ఇవ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున పరిహారం. మీకు ఇది వర్తించకపోయినా ఇది చదివే వేరేవాళ్ళకి పనికొస్తుంది.

ఈసీతో పాటు మీ సేల్ డీడ్, బిల్డర్‌కి స్థలం ఎలా వచ్చిందో ఆ లింకు డాక్యుమెంట్లు, అప్రూవ్డ్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, డీవియేషన్ (ప్లాన్‌కి మించి కట్టింది) ఉంటే అప్పట్లో బీపీఎస్‌లో, అంటే దాన్ని జరిమానాతో క్రమబద్ధం చేసే పథకంలో, కట్టిన రశీదు, మీ పేరు మీదకి మారిన ఇంటి పన్ను, కరెంటు బిల్లు, అసోసియేషన్ నుంచి బకాయి లేదని లెటరు, వీటి జిరాక్స్‌లు రెండు సెట్లు పెట్టుకోండి. పేరు అన్నిట్లో ఒకలాగే ఉందో లేదో చూడండి, ఆధార్‌లో మీ ఇంటిపేరు ఒకలా, డాక్యుమెంట్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉండటం ఆడవాళ్ళ విషయంలో చాలా మామూలు, చిన్న అఫిడవిట్‌తో పోయేదానికి రిజిస్ట్రేషన్ రోజు కంగారు పడతారు. ఫ్లాట్ మీ ఇద్దరి పేరు మీదా ఉంది కాబట్టి సంతకాల గొడవ లేదు. గుంటూరు బ్రాడీపేట వైపు పాత ఇళ్ల విషయంలో చూస్తుంటాను, నలుగురు వారసులు, ఒకరు అమెరికాలో, పవర్ ఆఫ్ అటార్నీ అక్కడ నుంచి రావాలి, ఇక్కడ స్టాంపు వేయించాలి, ఈలోపు కొనేవాడి లోన్ శాంక్షన్ గడువు అయిపోతుంది. మీకు ఆ బాధ లేదు, అది మీ బలం, ముప్పై రోజుల్లో రిజిస్ట్రేషన్ చేసిస్తాం అని మీరు ధైర్యంగా చెప్పొచ్చు. ఈ మాట కొనేవాడికి లక్ష రూపాయలు తగ్గించినంత ఉంటుంది.

క్యాష్ సంగతి. 46 ఆయన రిజిస్ట్రేషన్ తక్కువకి రాయించుకుని మిగతాది చేతికిస్తానంటే ఇంకో లక్ష పెంచుతానన్నాడని రాశారు, ట్యాక్స్ కూడా మిగులుతుంది కదా అని మీకూ ఆశ పుట్టింది. ఒప్పుకోవద్దమ్మా. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తం పెనాల్టీ పడే సెక్షన్ ఉంది. అసలు మీకు ట్యాక్స్ ఎంత పడుతుందో లెక్క వేశారా? 2024 జూలై 23కి ముందు కొన్న ఇల్లు ఇక్కడ నివసించే వ్యక్తులు అమ్మితే రెండు దారులున్నాయి, లాభం మీద ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న రేటుని పెంచి చూడటం) లేకుండా 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్‌తో 20 శాతం, ఏది తక్కువైతే అది. మీరు కొన్న 2012-13కి ఇండెక్స్ 200, 2025-26కి 376. మీ 26 లక్షలు ఈ లెక్కన 48 లక్షల 88 వేలు అవుతాయి. 46కి అమ్మినా 48కి అమ్మినా రెండో దారిలో లాభమే లేదు, ట్యాక్స్ సున్నా. లేని ట్యాక్స్ తప్పించుకోవడానికి లేని భయం తెచ్చుకుంటారా? ఒక్కటి మాత్రం చూసుకోండి, 2025 ఫిబ్రవరి 1 నుంచి రిజిస్ట్రేషన్ విలువలు సవరించారు, మీ ఫ్లాట్‌కి ప్రభుత్వ విలువ ఎంత వస్తుందో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. మీరు అమ్మే రేటు కన్నా అది పది శాతం దాటి ఎక్కువుంటే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు దాన్నే అమ్మకం రేటుగా తీసుకుంటారు. చివరికి ఒకసారి ఆడిటర్ దగ్గర కూర్చోండి, ఈ ఫీజు దండగ కాదు.

మధ్యవర్తుల విషయానికొస్తే, మీ ఫ్లాట్ ఐదుగురి దగ్గర ఉందన్నారు. ఒకాయన 55 చెప్తున్నాడు, ఒకాయన 52, ఇంకొకాయన నెట్‌లో 49కే పెట్టేశాడు. కొనేవాడు ఈ మూడూ చూస్తాడు, చూసి ఏమనుకుంటాడు? వీళ్ళు ఇబ్బందిలో ఉన్నారు, ఇంకో రెండు నెలలు ఆగితే 44కి వస్తుంది అనుకుంటాడు. అందరికీ ఒకే రేటు వాట్సాప్‌లో రాసి పంపండి, కమీషన్ ఎంతో, అది రిజిస్ట్రేషన్ రోజే ఇస్తామని కూడా అందులోనే రాయండి. ఇంకోటి, 55 చెప్తే బేరంలో 50కి వస్తుందిలే అనేది పాత పద్ధతి, ఇప్పుడు ఫోన్‌లో వెతికేవాడు 50 లోపు అని పెట్టుకుని వెతుకుతాడు, మీ ఇల్లు వాడికి కనపడనే కనపడదు.

మార్కెట్ కదలట్లేదు అనుకునేటప్పుడు క్యాలెండర్ కూడా చూసుకోండి. ఆషాఢంలో, మహాలయ పక్షాల్లో, పుష్యంలో, మూఢం నడిచేటప్పుడు మనవాళ్ళు ఇల్లు చూస్తారు గానీ బయానా ఇవ్వరు. ఆ రోజుల్లో ఫోన్లు రాకపోతే మన ఇంటికేదో అయిందని దిగులు పెట్టుకోకూడదు. అత్తగారు దక్షిణ సింహద్వారం వల్లే అమ్ముడుపోవట్లేదంటున్నారని రాశారు. దక్షిణం వాకిలి ఇళ్లు కొనేవాళ్ళు ఉన్నారు, కొంతమంది జాతకానికి అదే కావాలంటారు, వద్దన్నవాళ్ళు మీ కొనుగోలుదారులు కారు, అంతే. ప్రకటనలోనే దక్షిణం అని రాసేస్తే అనవసరంగా వచ్చి మొహం చిట్లించి వెళ్ళేవాళ్ళు తగ్గుతారు, మీకూ టీలు పెట్టే పని తగ్గుతుంది.

టోకెన్ దగ్గర జాగ్రత్త. పదివేల నూటపదహార్లు చేతిలో పెట్టి మాట ఖాయం అని వెళ్ళిపోతారు, మూడు నెలలు లోన్ వస్తోంది వస్తోంది అంటారు, ఈలోపు మీరు వేరేవాళ్ళని వెనక్కి పంపేస్తారు. టోకెన్ తీసుకుంటే బ్యాంకు ద్వారానే తీసుకోండి, పదిహేను రోజుల్లో అగ్రిమెంట్ రాసుకోవాలి, లేదంటే మేం వేరేవాళ్ళకి చూపిస్తాం అని అదే రోజు మెసేజ్ పెట్టండి. అగ్రిమెంట్‌లో కనీసం పది శాతం బయానా, రిజిస్ట్రేషన్‌కి 45 నుంచి 60 రోజుల గడువు, గడువు దాటితే ఏం జరుగుతుంది, లోన్ రాకపోతే ఎంత వెనక్కిస్తారు, ఇవి స్పష్టంగా రాయించండి. మొత్తం డబ్బు పడకుండా తాళాలు ఇవ్వొద్దు, సామాన్లు పెట్టుకుంటాం, పాలు పొంగిస్తాం, ముహూర్తం దాటిపోతుంది అని బతిమాలినా సరే.

ఇక మీ ఇద్దరి సంగతి, నాకు దీని గురించే ఎక్కువ బెంగగా ఉంది. మీరు రాసినదాంట్లో సగం ఇంటి గురించి లేదు, "ముందే కొత్తది కొనొద్దన్నానా", "నువ్వే కదా ఆ కలర్ బాల్కనీ చూసి మురిసిపోయావు" అన్న మాటల గురించి ఉంది. ఇద్దరూ కలిసి సంతకం పెట్టిన లోన్ అది, ఎవరి వల్ల అన్నది తేలినా ఈఎంఐ తగ్గదు. ఇంటి అమ్మకం గురించి ఆదివారం పొద్దున ఒక గంట మాత్రమే మాట్లాడుకోండి, ఎవరు ఫోన్ చేశారు, ఎంత అన్నారు, ఏం చేద్దాం, మిగతా రోజుల్లో ఆ విషయం ఎత్తకూడదని ఇద్దరూ మాట ఇచ్చుకోండి. పడుకునే ముందు అస్సలు వద్దు. పిల్లల ముందు వద్దు, తొమ్మిదో తరగతి పిల్లకి అన్నీ అర్థమవుతాయి, మన ఇల్లు పోతుందేమో అనుకుంటుంది. చుట్టాలు పెళ్లిలో, ఫంక్షన్లో "ఏమైందే మీ ఫ్లాట్" అని అడిగితే ఇద్దరూ ఒకటే జవాబు చెప్పండి, "చూస్తున్నారు, కుదిరినప్పుడు చెప్తాం" అని, రేటు ఎవరికీ చెప్పకండి. పక్కింటాయన 58కి అమ్మాడట అన్న మాటని పట్టించుకోకండి, అది ఎప్పుడు అమ్మాడో, ఎన్ని గజాల వాటానో, ఎంత క్యాష్ కలిసిందో మనకి తెలియదు. రిజిస్టర్ అయిన డాక్యుమెంట్‌లో రాసిన రేటే రేటు.

ఈఎంఐ కట్టడానికి చెయ్యి తిరగకపోతే ముందు బ్యాంకుకి వెళ్లి కాలం పెంచమని అడగండి, 20 ఏళ్లని 30 చేస్తే నెలకి నాలుగు వేల పైన తగ్గుతుంది. పాతది అమ్మగానే తీర్చేయొచ్చు, ఫ్లోటింగ్ రేటు మీద ఇంటి లోన్ ముందుగా కడితే వ్యక్తులకి అదనపు ఛార్జీ ఉండదు. ఫోన్ యాప్‌లలో దొరికే లోన్లు, పర్సనల్ లోన్లు మాత్రం ఈ ఈఎంఐ కోసం తీసుకోవద్దు, వాటి వడ్డీ చూస్తే ఇంటి రేటులో నాలుగు లక్షల తేడా చిన్నదైపోతుంది. రాత్రి నిద్ర లేకపోవడం నెలలుగా ఉంది, ఛాతీ బరువుగా ఉంటోంది అన్నారు, దాన్ని ఇల్లు అమ్ముడుపోతే అదే తగ్గుతుందిలే అని వదిలేయకండి. డాక్టర్‌కి చూపించుకోండి, ముందు ఛాతీ సంగతి తేల్చుకోండి. మనసు విప్పి ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416 టెలి మానస్ నంబర్ ఉంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

నన్ను అడిగితే మీ కింది గీత 46 అనుకోండి, చెప్పే రేటు 49 పెట్టండి, దానికి మూడు నెలలు గడువు. 46 అన్నాయనకి ఈ వారమే ఫోన్ చేసి, మొత్తం చెక్కే, క్యాష్ లేదు, కాగితాలన్నీ రెడీగా ఉన్నాయి, మీ బ్యాంకు వాల్యుయర్‌ని పంపండి, నలభై ఎనిమిదికి అయితే ముప్పై రోజుల్లో రిజిస్ట్రేషన్ చేస్తాం అనండి. ఆయన 47 దాకా రావొచ్చు, రాకపోయినా 46కి అగ్రిమెంట్ రాయడానికి మీకు ఇప్పుడు లెక్క ఉంది. ఆయన వెనక్కి తగ్గితే అదే రోజు ఫ్లాట్ అద్దెకి పెట్టండి, పైన చెప్పిన షరతుతో. ఈసీ తీసి చూశాక అందులో పాత బ్యాంకు ఎంట్రీ ఏదైనా కనపడితే ఏ సంవత్సరం, ఏ రకం డాక్యుమెంట్ అని రాసి ఉందో అది రాయండి, దాన్ని ఎలా తీయించాలో చెప్తాను.